రెండో రోజు వచ్చినవాళ్ళు: కర్నూలు సేవా క్లబ్బుల కథ

(కర్నూలులో ఒక సేవా క్లబ్బు కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారం చేసిన సాయంత్రం, కంటి వార్డులో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైన ఒక సిస్టర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కొత్తగా బాధ్యతలు తీసుకున్న అధ్యక్షులవారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి నా శుభాకాంక్షలు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన అమ్మలకు, వెనక వరసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులకు కూడా నమస్కారం.

నన్ను క్లబ్బు చరిత్ర మీద మాట్లాడమన్నారు. నేను ఏ క్లబ్బులోనూ సభ్యురాలిని కాను. అయితే ఈ జిల్లాలో ఏ క్లబ్బు వాళ్ళు కంటి క్యాంపు పెట్టినా ట్రేలు, కత్తెర్లు, దూది డబ్బాలు సర్దుకుని జీపెక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ విధంగా క్లబ్బుల పనిని బాగా దగ్గర నుంచి చూశాను.

మీ కార్యదర్శి గారు పాత మినిట్స్ పుస్తకాలు మా ఇంటికి పంపించారు. అట్టలు ఊడిపోయినవీ, చెదలు పట్టినవీ అన్నీ ఓపిగ్గా చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. సభకు ఎవరు అధ్యక్షత వహించారు, ఏ కలెక్టరు గారు జ్యోతి వెలిగించారు, ఎవరు వందన సమర్పణ చేశారు, ఎంతమందికి ఆపరేషన్లు అయ్యాయి, ఎన్ని చీరలు పంచారు, అన్నీ ఉన్నాయి. ప్రారంభోత్సవం అయిన మర్నాడు ఏం జరిగిందో మాత్రం ఎక్కడా కనిపించలేదు. నాకు తెలిసిన చరిత్రంతా ఆ మర్నాటిదే. అందుకని ఇవాళ ఆ రెండో రోజు గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఈ సేవా క్లబ్బుల పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. రోటరీ క్లబ్బు అలా మొదలైంది. హారిస్ చిన్న ఊళ్ళో పెరిగినవాడు. అంత పెద్ద నగరంలో పలకరించే మనిషి లేక తపించాడు. మొదట్లో వాళ్ళకు కావలసింది స్నేహం, వ్యాపారంలో ఒకరికొకరు తోడు. సేవ తర్వాత వచ్చింది. వాళ్ళు ఊరి కోసం తలపెట్టిన తొలి పనుల్లో ఒకటేమిటో తెలుసా? చికాగో నగరపాలక భవనం దగ్గర జనానికి మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టడం. 1907లో ఆ ప్రయత్నం మొదలుపెట్టారు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. బజారుకొచ్చిన ఆడమనిషి పడే బాధ ఏమిటో తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

లయన్స్ క్లబ్బు కూడా చికాగోలోనే, 1917లో మొదలైంది. మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి దానికి మూలం. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ళ మహాసభకు వచ్చి, చూపు లేనివాళ్ళ తరఫున మీరు నిలబడండని అడిగింది. చూపూ వినికిడీ రెండూ లేని ఒక స్త్రీ అడిగిన ఆ ఒక్క మాట వల్ల ప్రపంచమంతా లయన్స్ వాళ్ళకు కంటి సేవే ప్రధానమైపోయింది. మన పల్లెల్లో బడిగదులు ఆపరేషన్ థియేటర్లు కావడం వెనక ఆ రోజు ఆవిడ వేసిన ప్రశ్న ఉందని నా నమ్మకం.

మన దేశంలో రోటరీ తొలి అడుగు 1919లో కలకత్తాలో పడింది. లయన్స్ 1956లో బొంబాయికి వచ్చింది. 1962-63లో నితీశ్ లాహరి అనే బెంగాలీ ఆయన రోటరీకి ప్రపంచాధ్యక్షుడయ్యాడు. మన దేశం నుంచి ఆ పదవికి వెళ్ళిన మొదటి మనిషి ఆయనే.

పేర్లు బయటినుంచి వచ్చినా, పని మనకు కొత్తేమీ కాదు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారి పేరు ఇక్కడున్న పిల్లలకు తెలియకపోతే పెద్దవాళ్ళు ఈ రాత్రే చెప్పాలి. 1866 కరువులో తన గాదెలు తెరిచి జనానికి అన్నం పెట్టిన మహానుభావుడు. విక్టోరియా రాణి పేరు మీద ఆయనకు పతకం ఇచ్చారు. ఆయన మీద జనం పాటలు కట్టి పాడుకున్నారు. నేను గమనించేది ఒకటే. కరువులో అన్నదానం ఒక పూటతో అయిపోయే పని కాదు. ఈ రోజు తిన్నవాడికి రేపు మళ్ళీ ఆకలేస్తుంది. వానలు పడి, చేలో గింజ చేతికొచ్చేదాకా పొయ్యి ఆరకూడదు. పతకం ఒక్కసారి ఇచ్చారు, పొయ్యి మాత్రం రోజూ వెలగాల్సి వచ్చింది. 1952 కరువులోనూ రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచాయి. బావుల పనికి సైన్యం కూడా దిగింది. ఆ గంజి తాగి బతికినవాళ్ళ పిల్లలం మనలో చాలామందిమి ఉన్నాం.

ఆ మరుసటి ఏడాదే, 1953 అక్టోబరు 1న, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజులవి. ఇప్పటికీ మనం ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అంటున్నామంటే ఆ కాలం చలవే. పై ఊళ్ళ నుంచి ఉద్యోగులు, వకీళ్ళు, డాక్టర్లు దిగారు. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదు వెళ్ళిపోయింది. చాలామంది దాంతోపాటే వెళ్ళారు. మెడికల్ కాలేజీ వచ్చింది, పెద్దాసుపత్రి పెరిగింది, కంటి ఆసుపత్రి నిలబడింది. ఈ ఊళ్ళో క్లబ్బులు వేళ్ళూనుకోవడానికి ఇదే కారణమని నా అంచనా. ఒక పక్క చదువుకున్న డాక్టర్లు, ఇంకో పక్క ధర్మకార్యాలకు చెయ్యి వెనక్కి తీయని వన్‌టౌన్ వ్యాపారస్తులు. వీళ్ళిద్దరికీ వారానికోసారి కలిసి కూర్చునే చోటు కావలసి వచ్చింది. క్లబ్బు ఆ చోటిచ్చింది.

ఇక కంటి క్యాంపుల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఇప్పటి పిల్లలకు శుక్లాల ఆపరేషనంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేయడం. నేను చేరిన కొత్తలో అట్లా కాదు. సెలవుల్లో బడి తీసుకునేవాళ్ళం. బెంచీలు బయట వేసి, గోడలు కడిగి, కిటికీలకు గుడ్డలు కట్టి, ఒక గదిని థియేటరు చేసేవాళ్ళం. మిగతా గదుల్లో గడ్డి పరిచి పైన జంపఖానాలు వేస్తే అదే వార్డు. కంట్లో మసకబారిన కటకాన్ని దాని పొరతో సహా బయటికి తీసేసేవాళ్ళు. లోపల లెన్సు పెట్టడం అప్పటికి మన క్యాంపుల్లోకి రాలేదు. ఆపరేషనయ్యాక వారం రోజులు కదలకుండా పడుకోవాలి. దగ్గకూడదు, తుమ్మకూడదు, వంగకూడదు. గట్టిగా నమిలితే కుట్ల మీద ఒత్తిడి పడుతుందని మెత్తటి సంగటి, జావ పెట్టేవాళ్ళం.

ప్రారంభోత్సవం నాడు మైకులు, షామియానాలు, ముఖ్య అతిథులు. రెండో రోజు పొద్దున కళ్ళకు కట్లతో వరసగా పడుకున్న ముసలివాళ్ళు. ఒకరికి దాహం, ఒకరికి దగ్గు, ఒకరికి ఇంటి దగ్గర వదిలొచ్చిన గొర్రెల మీద బెంగ. వాళ్ళ చెయ్యి పట్టుకుని కంచంలో ముద్ద ఎక్కడుందో చూపించాలి. అర్ధరాత్రి ఒంటికి లేస్తామంటే నడిపించుకుని వెళ్ళాలి. నర్సులం కొద్దిమందిమి. మరి ఆ పని ఎవరు చేశారు? సభ్యుల ఇళ్ళలోని ఆడవాళ్ళు చేశారు. వాళ్ళింటి వంటవాళ్ళు, బడి ఆయాలు, కాలేజీ పిల్లలు చేశారు. ఒక డాక్టరు గారి భార్య రాత్రంతా హరికేన్ లాంతరు పట్టుకుని గదులన్నీ తిరగడం నేను చూశాను. తెల్లారాక ఇంటికెళ్ళి పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చేది. ఆ క్యాంపు గురించి మినిట్స్‌లో రెండు పేజీలున్నాయి. ఆవిడ పేరు ఒక్క చోట కూడా లేదు. అప్పట్లో ఆడవాళ్ళకు సభ్యత్వమే లేదు. లయన్స్ 1987లో, రోటరీ 1989లో తలుపు తీశాయి. అంటే అంతకుముందు జరిగిన రెండో రోజు పనిలో సగానికి పైగా చేసినవాళ్ళు కాగితం మీద క్లబ్బుకు చెందినవాళ్ళే కారు. ఈ మాట నేను బాధతోనే చెబుతున్నాను.

కట్లు విప్పాక మందపాటి అద్దాలు ఇచ్చేవాళ్ళం. పదో నంబరు అద్దాలు. కంట్లో కటకం లేదు కాబట్టి ఆ పని అద్దమే చేయాలి. అవి పెట్టుకుంటే వస్తువులు ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు పోస్తే పక్కన పడేవి. మెట్టు దిగితే అడుగు తప్పేది. అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టేది. ఆ అద్దాలు పగిలాయా, మనిషి మళ్ళీ మొదటికొచ్చినట్టే.

కోడుమూరు అవతల పల్లె నుంచి ఒక అవ్వ మా ఓపీకి వచ్చింది. ముందటేడు క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న మనిషే. మనవడు కాలేసి తొక్కితే అద్దం ముక్కలైంది. ఖాళీ ఫ్రేమును దారంతో చెవులకు కట్టుకుని, మనవడి భుజం పట్టుకుని బస్సు దిగి వచ్చింది. "చూపు మీరే ఇస్తిరి సిస్టరమ్మా, మల్లా మీ దగ్గరికే వచ్చినా. ఎండాకాలం నుంచి పొయ్యి కాడికి కూడా పోలేకున్నా" అంది. ఎండాకాలం నుంచి అంటే అప్పటికి వానలు కూడా అయిపోయాయి. అన్ని నెలలు ఆమె చీకట్లోనే ఉంది. ఆపరేషన్ల లెక్కలో ఆమె విజయవంతమైన కేసు.

నేను ఆ సంగతి ఒక క్లబ్బు సభ్యుడికి చెప్పాను. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఆయనది. పెద్ద పదవులేమీ చేయలేదు, వేదిక ఎక్కి మాట్లాడిన మనిషి కాదు. మర్నాడే కొట్టులో గల్లాపెట్టె పక్కన ఒక అట్టపెట్టె పెట్టాడు. దాన్నిండా పదో నంబరు అద్దాలు. ఏ పల్లె నుంచి ఎవరొచ్చినా చీటీ అడగకుండా ఇచ్చేవాడు. అద్దం కండువాతో తుడిచి, తనే చెవులకు తగిలించి, కొట్టు మెట్లు చెయ్యి పట్టి దింపించి చూసేవాడు. ఆయన పోయేదాకా ఆ పెట్టె ఖాళీ కాలేదు. ఈ ఊరి సేవా క్లబ్బుల చరిత్ర ఎవరైనా రాస్తే మొదటి అధ్యాయం ఆ అట్టపెట్టె గురించే రాయాలని నేను అంటాను.

1976లోనే ప్రభుత్వం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం పెట్టింది. 1994 తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ఆపరేషన్లకు పెద్ద ఊపొచ్చింది. కంటి లోపలే లెన్సు పెట్టడం మామూలైంది. బడిగదుల్లో ఆపరేషన్లు క్రమంగా ఆగిపోయాయి. ఊళ్ళో పరీక్షలు చేసి, ఎంపిక చేసినవాళ్ళను బస్సులో ఆసుపత్రికి తీసుకొచ్చే పద్ధతి వచ్చింది. చాలా మంచి మార్పు. బడిగదిలో ఎంత కడిగినా చీము పడుతుందేమోనని టెన్షన్ ఉండేది. కొందరు పాత సభ్యులు, ఆ రోజుల సందడి పోయిందని అంటుంటారు. ఆ సందడి కోసం ఒక్క కన్ను పోయినా ఎక్కువే కదండీ.

లెన్సు వచ్చాక రెండో రోజు పని తగ్గిందా? తగ్గలేదు, రూపం మారింది. చుక్కల మందు వేసుకోవాలి. వారానికోసారి, నెలకోసారి చూపించుకోవాలి. ఎరుపెక్కినా, నొప్పి చేసినా వెంటనే రావాలి. మన పడమటి మండలాల్లో పంట లేని కాలంలో కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, వెళ్తాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్ళిన అవ్వకు కర్నూలులో రివ్యూ ఉందని ఎవరు గుర్తు చేస్తారు? ఒక ఏడాది మేం తేదీ చెప్పి పంపిన ఊరిలో సగం ఇళ్ళకు తాళాలున్నాయి. అప్పుడొక కుర్ర సభ్యుడు ఊళ్ళో మేస్త్రీని పట్టుకుని, ఏ ముఠా ఏ ఊరికెళ్ళిందో రాసుకొచ్చి, ఆ ఊళ్ళ దగ్గరున్న ఆసుపత్రుల పేర్లు వాళ్ళకు ఫోన్లో చెప్పాడు. క్యాంపు తేదీ వేసేముందు సుగ్గి కాలం చూసుకోవాలని ఆ ఏడాదే మా అందరికీ తెలిసొచ్చింది.

పోలియో గురించి ఒక మాట. రోటరీ 1985లో పోలియో మీద ప్రపంచమంతా పని మొదలుపెట్టింది. మన దగ్గర 1995 డిసెంబరు 9న మొదటి పల్స్ పోలియో రోజు. తర్వాతి ఏళ్ళలో వచ్చిన పల్స్ పోలియో ఆదివారాలు గుర్తున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. బస్టాండులో, దర్గా దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఐసు డబ్బాలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. చుక్కలు వేసి చిటికెన వేలికి గుర్తు పెట్టేవాళ్ళం. ఆదివారం నాడు పోలియో బూత్ దగ్గర క్లబ్బువాళ్ళు టోపీలు పెట్టుకుని చాలామంది ఉండేవారు. సోమ, మంగళవారాల్లో ఇల్లిల్లూ తిరిగి గుర్తు లేని వేళ్ళు వెతకాలి. ఆ తిరుగుడుకి వచ్చేవాళ్ళు కొద్దిమందే. ఇంటి మీద సుద్దముక్కతో గుర్తు వేసి, తలుపు తీయని ఇంటికి మళ్ళీ వెళ్ళి, వద్దన్న తల్లికి నచ్చజెప్పి వేయించిన ఆ చుక్కలే లెక్కకొచ్చాయని నేను చెప్పగలను. 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు వచ్చిందే మన దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు మా వార్డులో నర్సులమంతా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

2009 అక్టోబరు వరద గురించి చెప్పకుండా కర్నూలులో ఎవరూ ఏ చరిత్రా చెప్పలేరు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి, శ్రీశైలానికి ఎన్నడూ లేనంత వరద వచ్చి, పాతబస్తీ మునిగిపోయింది. రెండో తేదీ గాంధీ జయంతి. డాబాల మీద జనం, కింద నీళ్ళు. ఎక్కడెక్కడి నుంచో ఆహారం పొట్లాలు, నీళ్ళ ప్యాకెట్లు, దుప్పట్లు వచ్చాయి. క్లబ్బులన్నీ ఆ పని గొప్పగా చేశాయి. ఎవరూ తక్కువ చేయలేదు. కానీ నీళ్ళు తీశాక అసలు కష్టం మొదలైంది. ఇంట్లో బురద, బావిలో బురద, బియ్యం డబ్బాలో బురద. ఆ బురదను చేటలతో, పారలతో ఎత్తిపోయాలి. అప్పటికి పొట్లాల లారీలు తగ్గిపోయాయి. బుధవారపేటలో పరుపులు, పుస్తకాలు, కుట్టుమిషన్లు వీధిలో కుప్పలుగా పడి ఉన్నాయి. పంచిన పాత బట్టల్లో సగం ఎవరికీ సరిపోక రోడ్డు పక్కనే ఉండిపోయాయి. అప్పుడు జనానికి కావలసింది పారలు, బ్లీచింగ్ పౌడరు, చీపుళ్ళు, గమ్‌బూట్లు. రేషన్ కార్డు పోయిందని అర్జీ రాసిపెట్టే మనిషి. వరదలో కొట్టుకుపోయిన కళ్ళజోడుకు బదులు ఇంకొకటి. షుగరు మాత్రలు. కొందరు సభ్యులు ఆ దశలో ప్యాంట్లు పైకి మడిచి దిగారు. దీపావళి కూడా చూసుకోకుండా పని చేశారు. వాళ్ళు ఎవరో మీకు తెలుసు, ఈ హాల్లోనే ఉన్నారు. లేచి నిలబడమంటే నిలబడరు కాబట్టి నేను అడగను.

రక్తదానం సంగతి మీకందరికీ తెలిసిందే. డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 1998 జనవరి నుంచి ఆపేశారు. అప్పటి నుంచి స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్ళే ఆధారం. పుట్టినరోజులకు పెట్టే క్యాంపుల్లో వచ్చే రక్తం ఎక్కువ రోజులు నిలవ ఉండదు. మే నెల ఎండల్లో, కాలేజీలు మూసినప్పుడు, కాన్పు కేసు వచ్చినప్పుడు ఎవరు ఇస్తారన్నది చూడండి. ఒకే రోజు వందమందిని కూర్చోబెట్టడం కంటే, నెలకు కొద్దిమంది చొప్పున ఏడాదంతా వచ్చేట్టు చూస్తే బ్లడ్ బ్యాంకు వాళ్ళు మీకు చేతులెత్తి మొక్కుతారు.

అలాగే ఆడపిల్లల బడుల్లో కట్టించే మరుగుదొడ్లు. చికాగోలో మొదలైన పనే. శిలాఫలకం మీద దాతల పేర్లు చక్కగా చెక్కించారు. నేను చూసిన ఒకచోట తలుపుకు తాళం వేసి ఉంది. ఎందుకమ్మా అంటే నీళ్ళు లేవన్నారు. ట్యాంకు కట్టారు, మోటారు పెట్టలేదు. ఇంకోచోట మోటారు ఉంది, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు. కట్టడానికి అయిన ఖర్చులో చిన్న భాగం పక్కన పెట్టి, కడిగే ఆయమ్మకు నెలనెలా జీతం ఇవ్వడానికి ఒక సభ్యుడు పూనుకున్న బడిలో మాత్రం అవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఆ బడిలో పెద్ద తరగతుల ఆడపిల్లలు ఆ నాలుగు రోజులు ఇంటికి వెళ్ళిపోకుండా క్లాసులో కూర్చుంటున్నారు. అక్కడి హెడ్‌మాస్టరు గారే నాకు ఆ మాట చెప్పారు.

కొత్త కార్యవర్గానికి నాదొక విన్నపం. మినిట్స్ పుస్తకంలో కార్యక్రమం రాసిన పేజీ పక్క పేజీ ఖాళీగా వదలండి. నెల తర్వాత దాన్ని నింపండి. ఎంతమంది రివ్యూకి వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి, నీళ్ళు ఎవరు పోస్తున్నారు. వండినవాళ్ళ పేర్లు, బస్సు నడిపినవాళ్ళ పేర్లు రాయండి. సభ్యులు కాకపోయినా రాయండి. ముప్పై ఏళ్ళ తర్వాత నాలాంటి వాళ్ళెవరైనా ఆ పుస్తకం తెరిస్తే లాంతరు పట్టుకుని తిరిగిన మనిషి పేరు అందులో దొరకాలి.

పోయిన ఆదివారం మీ క్యాంపులో ఎంపికైనవాళ్ళకు ఈ వారం ఆపరేషన్లు అయ్యాయి. వచ్చే సోమవారం వాళ్ళకు మొదటి రివ్యూ. ఆ జాబితా జిరాక్సులు తీయించి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్నాయి. కొందరికి ఫోన్ లేదు, వాళ్ళకు ఎదురుగా ఊళ్ళోని ఆశా వర్కరు నంబరు రాశాను. భోజనానికి వెళ్ళేముందు ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురి పేర్లు గుర్తు పెట్టుకుని తీసుకోండి. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, చుక్కల మందు వేసుకుంటున్నారా, కన్ను ఎర్రగా ఉందా, సోమవారం బస్సు ఛార్జీ ఉందా అని అడగండి. నొప్పిగా ఉందని ఎవరైనా అంటే సోమవారం దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి చెప్పండి. డ్యూటీ సిస్టర్ నంబరు కాగితం కింద రాసి ఉంది.